కల్చర్‌లో క్రిములు లేవు, మూత్రాశయంలో నొప్పి మాత్రం తగ్గడం లేదు: ఇదే బాధతో ఉన్నవారి సలహాలు కావాలి

తెనాలి_టీచర్

సభ్యులందరికీ నమస్కారం. నేను గుంటూరు జిల్లాలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో గణితం బోధిస్తున్నాను. వయస్సు నలభై రెండు. కొంతకాలంగా పొత్తికడుపు అడుగున బరువుగా, లోపలి నుంచి నొక్కుతున్నట్లుగా నొప్పి ఉంటోంది. మూత్రాశయం నిండేకొద్దీ నొప్పి పెరుగుతుంది, వెళ్లి వచ్చాక కాసేపు ఊరట కలుగుతుంది, మళ్లీ మొదలవుతుంది. రాత్రి నిద్ర ముక్కలైపోతోంది.

మొదట్లో అందరూ ఇన్ఫెక్షన్ అన్నారు. యూరిన్ కల్చర్ (మూత్రంలో క్రిములు పెరుగుతాయేమో చూసే పరీక్ష) రిపోర్టులో ఏ క్రిమీ పెరగలేదని వచ్చినప్పుడు కూడా యాంటీబయాటిక్ కోర్సులు రాస్తూ వచ్చారు. ఇంట్లో పెద్దవారు వేడి చేసిందని బార్లీ నీళ్లు, నిమ్మరసంలో సబ్జా గింజలు ఇచ్చారు. ఇటీవల విజయవాడలో ఒక యూరాలజిస్ట్ సిస్టోస్కోపీ (సన్నని గొట్టం కెమెరాతో మూత్రాశయం లోపల చూసే పరీక్ష) చేసి, దీనిని ఇంటర్‌స్టిషియల్ సిస్టైటిస్ అంటారని, మూత్రాశయ నొప్పి సిండ్రోమ్ అని కూడా వ్యవహరిస్తారని చెప్పి, రాత్రిపూట అమిట్రిప్టిలిన్ 10 మి.గ్రా. మాత్ర రాశారు. మందుల షాపులో ఆ చీటీ చూసి, ఇది డిప్రెషన్‌కు వాడే మందమ్మా అన్నారు. అప్పటి నుంచి ఆ మాత్ర వేసుకోవడానికి మనసు ఒప్పడం లేదు. ఈ జబ్బు జీవితాంతం ఉంటుందా? మన తెలుగు భోజనంలో ఏమి తినాలి, ఏమి మానాలి? తరగతి మధ్యలో వదిలి వెళ్లలేని ఉద్యోగంలో దీనిని ఎలా నెట్టుకురావాలి? అనుభవమున్నవారు దయచేసి వివరంగా రాయగలరు.

యూరాలజీ_హైదరాబాద్

టీచర్ గారూ, మీరు రాసిన లక్షణాలు ఈ జబ్బుకు చాలా దగ్గరగా ఉన్నాయి. మిమ్మల్ని పరీక్షించకుండా నేను నిర్ధారణ చెప్పలేను కాబట్టి సాధారణ విషయాలకే పరిమితమవుతాను. మూత్రాశయానికి సంబంధించినదిగా అనిపించే నొప్పి, ఒత్తిడి లేదా అసౌకర్యం ఆరు వారాలకు మించి ఉండి, ఇన్ఫెక్షన్ గానీ మరో స్పష్టమైన కారణం గానీ కనిపించనప్పుడు ఈ పేరు పెడతాము. అంటే ఒక్క పరీక్షతో తేలే జబ్బు కాదు. రాళ్లు, క్షయ, ఎండోమెట్రియోసిస్ (గర్భాశయపు లోపలి పొర వంటి కణజాలం బయట పెరగడం), మూత్రాశయ క్యాన్సర్ వంటివి లేవని తేల్చుకున్న తరువాతే ఈ నిర్ధారణకు రావాలి. పొగతాగే అలవాటు ఉన్నవారికి, మూత్రంలో రక్తం కనిపించినవారికి ఈ పరిశీలన మరింత జాగ్రత్తగా జరగాలి.

సిస్టోస్కోపీలో హన్నర్ పుండ్లు (మూత్రాశయపు లోపలి పొరపై ఏర్పడే ఎర్రటి పుండ్లు) కనిపించాయో లేదో మీ రిపోర్టులో చూడండి. బాల్టిమోర్‌లో పనిచేసిన గై హన్నర్ అనే వైద్యుడు 1915లో వీటిని వర్ణించారు. కొద్దిమందిలోనే ఇవి ఉంటాయి గానీ, ఉన్నప్పుడు చికిత్స మార్గం వేరు: ఆ పుండును విద్యుత్తుతో మాడ్చడం వల్లనో, అక్కడ స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇవ్వడం వల్లనో చాలామందికి మంచి ఉపశమనం లభిస్తుంది. కొంతకాలం తరువాత మళ్లీ చేయవలసి రావచ్చు.

కల్చర్‌లో క్రిములు లేనప్పుడు నెలల తరబడి యాంటీబయాటిక్స్ వాడకూడదని అమెరికన్ యూరలాజికల్ అసోసియేషన్ మార్గదర్శకాలు స్పష్టంగా చెబుతున్నాయి. 2011లో వెలువడిన ఆ మార్గదర్శకాలను 2022లో సవరించినప్పుడు, చికిత్సలను మొదటి మెట్టు, రెండవ మెట్టు అంటూ వరుసగా అమర్చే పద్ధతిని తీసివేశారు. ఏ రోగికి ఏది సరిపోతుందో రోగి, వైద్యుడు కలిసి నిర్ణయించుకోవాలన్నది ఇప్పటి ఆలోచన. నా దృష్టిలో ఇది చాలా మంచి మార్పు, ఎందుకంటే ఈ ఒక్క పేరు కింద వచ్చే రోగుల్లో ఒకరికి లోపం మూత్రాశయపు లోపలి పొరలో ఉంటే, మరొకరికి పొత్తికడుపు అడుగున ఉండే కటి కండరాల్లో, ఇంకొకరికి నొప్పిని మోసే నాడీ వ్యవస్థలోనే ఉంటుంది.

జీవితాంతం ఉంటుందా అని అడిగారు. పూర్తిగా నయం చేసే మందు ఇప్పటికి లేదు. కానీ నొప్పి ఒకే తీరుగా ఉండదు. చాలామందికి నెలల తరబడి నెమ్మదించి, అప్పుడప్పుడు తిరగబెడుతుంది. తిరగబెట్టే సందర్భాలను తగ్గించుకోవడం, వచ్చినప్పుడు త్వరగా అదుపులోకి తెచ్చుకోవడం సాధ్యమే.

అత్తిలి_వంటిల్లు

టీచర్ గారూ, నేను ఈ జబ్బుతో చాలా ఏళ్లుగా కాపురం చేస్తున్నదాన్ని. భోజనం సంగతి నేను రాస్తాను. ఆసుపత్రిలో అచ్చు వేసి ఇచ్చే పట్టికలో కాఫీ, టీ, మద్యం, కూల్ డ్రింకులు, నారింజ, టమాటా, కారం, కృత్రిమ తీపి పదార్థాలు మానమని ఉంటుంది. అది నిజమే గాని మన ఇంటికి అది సగమే సరిపోతుంది. చింతపండు, గోంగూర, మామిడికాయ, చింతచిగురు, ఉసిరి, ఆవకాయ పేర్లు అందులో ఉండవు. పులుపు, కారం కలిసి పడని కూర మన వంటింట్లో ఎన్ని రోజులకొకసారి వస్తుందో ఆలోచించండి.

నాకు ఉపయోగపడిన పద్ధతి చెబుతాను. నొప్పి తీవ్రంగా ఉన్న కాలంలో రెండు మూడు వారాల పాటు పూర్తిగా చప్పటి భోజనానికి వెళ్లాను. ఉదయం రవ్వ ఉప్మా, మధ్యాహ్నం మెత్తటి అన్నంలో ముద్దపప్పు, నెయ్యి, దానితో పాటు పాలు పోసి వండిన ఆనపకాయ కూరో, పొట్లకాయ కూరో. మా గోదావరి జిల్లాల్లో పాలు పోసి వండే కూరలు ఎన్నో ఉన్నాయి. వాటిలో పచ్చిమిర్చి తీసేసి, జీలకర్ర, కొత్తిమీర వేసుకుంటే రుచికి లోటు ఉండదు. బీరకాయ, దోసకాయ కూడా ఇలాగే వండుకోవచ్చు, కాకపోతే పుల్ల దోసకాయ కాకుండా చూసుకోవాలి. నొప్పి నెమ్మదించిన తరువాత మానినవాటిని ఒక్కొక్కటిగా తిరిగి కలుపుకొన్నాను. ఒకటి కలిపాక కొన్ని రోజులు ఆగి, నోట్‌బుక్‌లో రాసుకొని, ఆ తరువాతే రెండవదానికి వెళ్లాను. రెండు కొత్త పదార్థాలు ఒకే రోజు కలిపితే నొప్పి దేనివల్ల వచ్చిందో తేలదు.

అలా తేలినదేమంటే, పప్పుచారులో ఒక్క రెబ్బ చింతపండు నాకు పడుతుంది, టమాటా పడదు, గోంగూర అసలే పడదు. మా తోటికోడలికి కూడా ఇదే జబ్బు. ఆమెకు టమాటా ఏమీ చేయదు, టీ తాగితే మాత్రం ఆ రాత్రి నిద్ర ఉండదు. అందుచేత నా జాబితాను మీ జాబితాగా తీసుకోకండి. కొంతమందికి తిండితో సంబంధమే ఉండదు. అటువంటివారు అనవసరంగా అన్నీ మానుకొని చిక్కిపోవడం నేను చూశాను.

వేడి చేసిందని ఇచ్చే పానీయాల గురించి ఒక్క మాట. బార్లీ నీళ్లు నాకు ఏ ఇబ్బందీ చేయలేదు. సబ్జా గింజలు కూడా మంచివే, కానీ నిమ్మరసంలో వేసుకోకుండా మామూలు నీళ్లలో వేసుకోండి. పెద్దవారు ప్రేమతో ఇస్తారు, కాదనలేము. నిమ్మకాయ మాత్రం తీసేయమని నెమ్మదిగా చెప్పుకోవాలి. విటమిన్ సి మాత్రలు, నోట్లో చప్పరించే పుల్లటి బిళ్లలు కూడా గమనించండి. వాటిని మందులుగా భావించి ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

కరీంనగర్_శ్రీను

డాక్టర్ గారు క్షయ అన్న మాట ఒకసారి రాసి ముందుకు వెళ్లారు, నేను అక్కడ ఆగుతాను. మా అక్కకు అచ్చంగా ఇవే లక్షణాలు. మూత్రంలో చీము కణాలు ఉన్నాయి, మామూలు కల్చర్‌లో ఏమీ పెరగలేదు. క్షయ క్రిమి మామూలు కల్చర్‌లో పెరగదని, దానికి తెల్లవారుజాము మూత్రాన్ని వేరుగా పరీక్షించాలని చాలా ఆలస్యంగా తెలిసింది. అప్పటికే మూత్రాశయం కుంచించుకుపోవడం మొదలైంది. మన దేశంలో ఈ నొప్పి ఉన్న ప్రతి ఒక్కరూ, ముఖ్యంగా చీము కణాలు ఉండి కల్చర్‌లో ఏమీ రానివారు, ఈ పరీక్ష అడిగి చేయించుకోవాలని నా మనవి. జాతీయ క్షయ నిర్మూలన కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రిలో పరీక్ష, మందులు రెండూ ఉచితంగా ఇస్తారు.

ఫిజియో_విశాఖ

ఈ చర్చలో ఇంతవరకు కండరాల ప్రస్తావన ఒక్క మాటగానే వచ్చింది. నేను కటి కండరాల ఫిజియోథెరపీ చేస్తాను. మూత్రాశయం, గర్భాశయం, పెద్దపేగు చివరి భాగం, ఇవన్నీ ఆనుకొని ఉండే కండరాల పొర కటి అడుగున ఉంటుంది. నొప్పి ఉన్నప్పుడు, మూత్రాన్ని గంటల తరబడి ఆపుకొన్నప్పుడు మనకు తెలియకుండానే ఆ కండరాలను బిగిస్తాము. పిడికిలిని నెలల తరబడి బిగించి ఉంచితే చేయి ఎలా నొప్పెడుతుందో ఇదీ అంతే. తరువాత మూత్రాశయం శాంతించినా కండరం వదలదు. నొప్పి తొడల లోపలి వైపుకు, నడుముకు, మలద్వారం దగ్గరకు పాకుతుంది. దాంపత్యంలో కలిగే నొప్పికి కూడా చాలాసార్లు ఇదే మూలం.

ఉత్తర అమెరికాలోని పలు కేంద్రాల్లో 81 మంది స్త్రీలపై జరిగి 2012లో ప్రచురితమైన ఒక పరిశోధనలో, కటి కండరాల్లోని బిగుతు బిందువులను చేతితో వదులు చేసే చికిత్స పొందినవారిలో 59 శాతం మందికి, ఒంటికి మామూలు మసాజ్ పొందినవారిలో 26 శాతం మందికి మెరుగుదల కనిపించింది. ఈ జబ్బులో ఇంత స్పష్టమైన తేడా చూపిన చికిత్సలు ఎక్కువ లేవు.

ఒక హెచ్చరిక తప్పనిసరిగా చేయాలి. మూత్ర సమస్య అనగానే కెగెల్ వ్యాయామాలు చేయమని ఇంటర్నెట్‌లో, బంధువుల్లో, కొన్నిసార్లు క్లినిక్‌లలో కూడా చెబుతారు. అవి కండరాన్ని బిగించే వ్యాయామాలు. దగ్గితే మూత్రం జారేవారికి అవి మేలు చేస్తాయి; బిగుసుకుపోయి నొప్పెడుతున్న కండరానికి మాత్రం నొప్పిని పెంచుతాయి. మీకు కావలసింది కండరాన్ని వదిలే సాధన. వెల్లకిలా పడుకొని, మోకాళ్ల కింద దిండు పెట్టుకొని, ఒక చేయి పొట్టపై ఉంచి, గాలి పీల్చినప్పుడు పొట్ట నెమ్మదిగా పైకి లేచేలా శ్వాస తీసుకోండి. అదే సమయంలో కటి అడుగు భాగం కిందికి వదులవుతున్నట్లు గమనించండి. మొదట్లో ఏమీ తెలియదు, కొన్ని వారాలకు ఆ కదలిక స్పష్టంగా తెలుస్తుంది. బాలాసనం, పడుకొని మోకాళ్లను ఛాతీ వైపు తెచ్చుకోవడం కూడా ఉపయోగపడతాయి.

బయట మరుగుదొడ్డి శుభ్రంగా లేదని సీటుకు తాకకుండా సగం వంగి నిలబడే అలవాటు చాలామంది స్త్రీలకు ఉంది. ఆ భంగిమలో కటి కండరాలు వదులు కావు, మూత్రాశయం పూర్తిగా ఖాళీ కాదు. సీటుపై టిష్యూ పరచుకొనైనా పూర్తిగా కూర్చోవడం, లేదా భారతీయ పద్ధతి మరుగుదొడ్డిలో పాదాలు ఆనించి కూర్చోవడం మేలు. మలబద్ధకం ఉంటే దానికి ముందుగా వైద్యం చేయించుకోండి; రోజూ ముక్కుతూ ఉంటే మేము వదులు చేసిన కండరం మళ్లీ బిగుస్తుంది.

తెనాలి_టీచర్

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. శ్రీను గారు చెప్పిన పరీక్ష గురించి మా డాక్టర్ గారిని అడిగాను. అది ముందే చేయించామని, ఏమీ లేదని రిపోర్టు చూపించారు. హన్నర్ పుండ్లు లేవు. ఇప్పుడు స్నానాలగదిలో గీతలున్న ప్లాస్టిక్ జగ్గు ఒకటి పెట్టుకొని, ఎప్పుడు వెళ్లాను, ఎన్ని మిల్లీలీటర్లు వచ్చింది, నొప్పి పదింటికి ఎంత అని పాత క్యాలెండర్ వెనుక రాస్తున్నాను. ఇంట్లో ఉన్న రోజుల్లో 80, 100 మి.లీ.కే ఆగలేకపోతున్నాను, పాఠశాలలో ఒత్తిడి మీద ఆపుకొన్న రోజుల్లో 250 వరకు వస్తోంది గాని ఆ సాయంత్రం నొప్పి రెట్టింపవుతోంది. నీళ్ల విషయంలో స్పష్టత కావాలి. ఒకరు నాలుగైదు లీటర్లు తాగి కడిగేయమంటారు, నాకేమో తాగితే వెళ్లవలసి వస్తుందని బడి ఉన్న రోజు చుక్క ముట్టుకోవాలనిపించదు. అమిట్రిప్టిలిన్ గురించి కూడా ఎవరైనా చెప్పండి.

యూరాలజీ_హైదరాబాద్

మీరు రాస్తున్న ఆ కాగితం చాలా విలువైనది, తరువాతి సందర్శనకు తప్పక తీసుకువెళ్లండి. నీళ్ల విషయంలో రెండు అతులూ మంచివి కావు. అసలు తాగకపోతే మూత్రం చిక్కబడి, దెబ్బతిన్న లోపలి పొరను మరింత బాధిస్తుంది. నాలుగైదు లీటర్లు తాగితే మూత్రాశయం అస్తమానం నిండుతూ ఉంటుంది. మూత్రం లేత పసుపు రంగులో ఉండేంతగా, రోజంతా కొద్దికొద్దిగా తాగండి, పడుకునే ముందు తగ్గించండి. తిరగబెట్టిన రోజున మూత్రంలో ఆమ్లతను తగ్గించే సిరప్ కొందరికి ఉపశమనం ఇస్తుంది. రక్తపోటు, కిడ్నీ సమస్యలు ఉన్నవారు వైద్యుని అడగకుండా వాడకూడదు.

అమిట్రిప్టిలిన్ డిప్రెషన్‌కు వాడే మందన్న మాట వాస్తవమే. అయితే అక్కడ వాడే మోతాదు చాలా ఎక్కువ. ఇక్కడ 10 మి.గ్రా.తో మొదలుపెట్టి, అవసరమైతే నెమ్మదిగా పెంచుతాము. నాడులు మోసే నొప్పి సంకేతాలను తగ్గించడం, మాటిమాటికి వెళ్లాలనిపించడాన్ని నెమ్మదింపజేయడం, నిద్ర పట్టించడం దాని పని. మీకు మానసిక వ్యాధి ఉందని దాని అర్థం కాదు. నోరు ఎండిపోవడం, మలబద్ధకం, ఉదయం మగత ఉండవచ్చు. మగత ఇబ్బంది పెడితే పడుకునే ముందు కాకుండా రాత్రి ఎనిమిది గంటలకే వేసుకోమని చెబుతాము. గ్లాకోమా (కంటిలో ఒత్తిడి పెరిగే జబ్బు), గుండె లయ సమస్యలు ఉంటే ముందుగా చెప్పాలి. ఒక్కసారిగా ఆపేయకూడదు.

పల్నాటి_శంకర్

మా బావమరిదికి ఒకచోట మూడు నెలల ప్యాకేజీతో పూర్తిగా నయం చేస్తామన్నారు. ముందుగా మొత్తం డబ్బు కట్టమంటున్నారు. మందులో ఏముందో చెప్పడం లేదు. ఏమంటారు?

యూరాలజీ_హైదరాబాద్

మందులో ఏముందో చెప్పనివారి మందు వేసుకోకండి. స్టెరాయిడ్ కలిపి ఉంటే మొదటి నెల హాయిగా ఉంటుంది, తరువాత చక్కెర, ఎముకలు, రక్తపోటు అన్నీ దెబ్బతింటాయి.

న్యూజెర్సీ_గోదావరి

మింగే మందుల్లో నేను ఒక్కదాని గురించే రాస్తాను. పెంటోసాన్ పాలీసల్ఫేట్ అనే క్యాప్సూల్‌ను ఈ జబ్బు కోసమే మందులకు అనుమతులిచ్చే అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ 1996లో అనుమతించింది. రోజుకు మూడుసార్లు 100 మి.గ్రా. చొప్పున వాడతారు, ఫలితం తెలియడానికి మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. ఏళ్ల తరబడి వాడినవారిలో కంటి రెటీనాలో ఒక ప్రత్యేకమైన మార్పు వస్తోందని ఎమొరీ విశ్వవిద్యాలయానికి చెందిన కంటి వైద్యులు 2018లో బయటపెట్టారు. 2020లో మందు పత్రంలో ఆ హెచ్చరికను చేర్చారు. ఇండియాలో కూడా ఈ మందు రాస్తున్నారు. మా పిన్నికి రాసినప్పుడు కంటి పరీక్ష మాటే ఎవరూ ఎత్తలేదు. మొదలుపెట్టే ముందు ఒకసారి రెటీనా పరీక్ష చేయించుకొని, వాడుతున్నంతకాలం క్రమం తప్పకుండా చూపించుకోవాలి. మసక వెలుతురులో చదవడం కష్టమైతే, అక్షరాలు వంకరగా కనిపిస్తే వయసు వల్ల వచ్చిందని ఊరుకోకండి. రక్తం పలుచబరిచే మందులు వాడేవారు కూడా వైద్యునికి చెప్పాలి.

ఇక్కడ నేను కొంతకాలం మూత్రాశయంలోకి మందు ఎక్కించుకున్నాను. సన్నని గొట్టం ద్వారా హెపారిన్, లిడోకైన్, సోడియం బైకార్బొనేట్ కలిపిన మిశ్రమం పెడతారు, వీలైనంతసేపు ఆపుకోవాలి. గొట్టం పెట్టేటప్పుడు మంట ఉంటుంది, ఆ తరువాత వచ్చే హాయి కోసం దానిని భరించవచ్చు. డీఎంఎస్‌ఓ అనే మరో మందు ఎక్కించినప్పుడు ఒకటి రెండు రోజులు ఒంటి నుంచి, నోటి నుంచి వెల్లుల్లి వాసన వస్తుంది. ఆఫీసుకు వెళ్లేవారికి ఇది ముందే చెబితే బాగుంటుంది.

సిద్దిపేట_సహచరుడు

నా భార్యకు ఈ జబ్బు ఉంది కాబట్టి ఇంట్లోవారి పక్షాన రాస్తున్నాను. బయటికి ఏ గాయమూ కనిపించని జబ్బు ఇది. ఆమె మాటిమాటికి లేచి పోతుంటే మా అమ్మ మొదట్లో పని తప్పించుకోవడానికి అనుకునేది. డాక్టర్ గారి దగ్గరకు అమ్మను కూడా తీసుకుపోయిన తరువాత ఇంట్లో వాతావరణం మారింది. ఆయన మూత్రాశయం బొమ్మ గీసి చూపించారు. మగవారికి నా విన్నపం, చికిత్సకు భార్యతో కలిసి వెళ్లండి, నొప్పి గురించి ఆమె తరఫున మీరు మాట్లాడకుండా ఆమెనే చెప్పనివ్వండి. దాంపత్య జీవితం గురించి డాక్టర్ అడిగితే సిగ్గుపడి దాటవేయకండి. నొప్పి ఉన్న రోజున ఆగడం, ముందు, తరువాత మూత్రవిసర్జనకు వెళ్లిరావడం, ఆ తరువాత వేడినీళ్ల సంచి పెట్టుకోవడం, ఇవన్నీ మాకు ఫిజియోథెరపిస్ట్ చెప్పినవే. నొప్పి భయం తగ్గిన కొద్దీ మా మధ్య దూరం తగ్గింది.

నల్గొండ_హెచ్ఎం

టీచర్ గారూ, నేను ప్రధానోపాధ్యాయురాలిని. మా దగ్గర పనిచేసే ఒక ఉపాధ్యాయినికి ఇటువంటి ఇబ్బందే ఉంటే, వరుసగా రెండు పీరియడ్లు పడకుండా టైంటేబుల్ మార్చాము; ఆమె తరగతి గదిని మరుగుదొడ్డికి దగ్గరగా ఉన్న గదికి మార్చాము. పక్క గది టీచర్‌కు విషయం తెలుసు కాబట్టి ఆమె ఐదు నిమిషాలు వెళ్లి వస్తే పిల్లలను చూస్తారు. మీరు జబ్బు వివరాలన్నీ చెప్పనవసరం లేదు. మూత్రాశయ సమస్యకు చికిత్సలో ఉన్నారని, మధ్యలో వెళ్లవలసి వస్తుందని రాసిన డాక్టర్ ధ్రువపత్రం ఒకటి మీ హెచ్ఎంకు ఇవ్వండి. అడగకుండా బాధపడే ఉపాధ్యాయినులు చాలామంది ఉన్నారు. పరీక్ష ఇన్విజిలేషన్ డ్యూటీ వచ్చినప్పుడు రిలీవర్ దగ్గరలో ఉండే గది అడగండి.

కాజీపేట_రైల్వే

చర్చ అంతా స్త్రీల గురించి సాగింది, మగవారికీ ఈ నొప్పి వస్తుందని రాయడానికి వచ్చాను. నాకు వృషణాల వెనుక, మలద్వారానికి ముందు భాగంలో నొప్పి, కూర్చుంటే ఎక్కువ. ప్రోస్టేట్ వాపు అని యాంటీబయాటిక్స్ ఇస్తూ పోయారు. చివరకు ఇది క్రిములు లేని దీర్ఘకాలిక కటి నొప్పి అని తేలింది. బస్సులో దూర ప్రయాణం మానేసి, టాయిలెట్ ఉంటుంది కాబట్టి రైలునే ఎంచుకుంటున్నాను. మధ్యలో రంధ్రం ఉన్న దిండు వేసుకొని కూర్చుంటాను. ఫిజియో గారూ, మగవారికి కూడా మీరు చెప్పిన చికిత్స ఉందా? వరంగల్‌లో అడిగితే నడుం నొప్పి వ్యాయామాలే ఇచ్చారు.

ఫిజియో_విశాఖ

ఉంది. మగవారిలో దీర్ఘకాలిక ప్రోస్టేట్ నొప్పి అని చెప్పేవాటిలో 90 శాతానికి పైగా క్రిములు లేనివే, వాటిలో చాలావాటికి కటి కండరాల బిగుతు తోడవుతుంది. మగవారికి లోపలి కండరాలను మలద్వారం ద్వారా పరీక్షించి వదులు చేస్తాము. అడిగేటప్పుడు ఫిజియోథెరపీ అని మాత్రమే అనకుండా, కటి అడుగు కండరాలకు లోపలి నుంచి చేసే చికిత్స తెలిసినవారు ఉన్నారా అని అడగండి. ఏం చేయబోతున్నారో ముందుగా వివరించి, మీ అనుమతి తీసుకొని, మీరు ఆపమన్నప్పుడు ఆపేవారి దగ్గరే చేయించుకోండి. దగ్గరలో ఎవరూ దొరకకపోతే శ్వాస సాధనతో మొదలుపెట్టండి. డ్యూటీలో గంటకొకసారి లేచి నాలుగు అడుగులు నడవండి. సైకిల్, మోటారు సైకిల్ కొన్ని వారాలు తగ్గించి చూడండి.

టీచర్ గారికి కూడా ఒక మాట. నొప్పి పదింటికి మూడో నాలుగో స్థాయికి దిగిన వారాల్లోనే మూత్రవిసర్జనల మధ్య వ్యవధిని పెంచే సాధన మొదలుపెట్టాలి. వెళ్లాలనిపించగానే లేవకుండా కూర్చొని, కండరాన్ని వదులుతూ నెమ్మదిగా శ్వాస తీసుకొని, పది నిమిషాలు ఆగి వెళ్లండి. అది అలవాటయ్యాక పదిహేను. నొప్పి ఉన్న రోజున ఆగవద్దు. జ్వరం, చలి, మూత్రంలో రక్తం, మూత్రం పూర్తిగా ఆగిపోవడం, వీటిలో ఏది కనిపించినా ఇక్కడ రాసి జవాబు కోసం ఎదురుచూడకుండా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.